రేపుకి సైగ లేదు

"పుట్టి రెండ్రోజులన్నా కాలేదు, అప్పుడే చెవుల్లో మిషన్లు పెట్టడమేంటండీ పెద్దమ్మగారూ? పసిగుడ్డు తట్టుకోవద్దూ?"

"మిషను బయటే ఉంటుందమ్మా. చెవిలో పెట్టేది చిన్న బిరడా. పక్క గదిలో పిల్లాడికి పెడుతుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. వాడు నిద్ర కూడా లేవలేదు."

"అవసరమైతే నేను మాత్రం వద్దంటానా? మా వంశంలో చెవిటివాళ్ళెవరూ లేరండి."

"మా వంశంలో ఉన్నారు."

అది తెనాలిలో ఒక ఆసుపత్రి గది. మంచం మీదున్న బాలింత నా మనవరాలు. నాతో వాదిస్తున్నావిడ దాని అత్తగారు. మంచి మనిషే, కాకపోతే దిష్టి అన్నా పరీక్ష అన్నా ఆవిడకి ఒకటే భయం. నా కొడుకు, అంటే బాలింత తండ్రి, గోడకి ఆనుకుని నవ్వాపుకుంటున్నాడు. "అమ్మా, నువ్వేనా ఈ మాట అంటున్నది? జ్వరమొస్తే మిరియాల కషాయంతో సరిపెట్టేదానివి. డాక్టరు రక్తపరీక్ష రాస్తే ఆ కాయితం వెనక్కి తిప్పి చాకలిపద్దు రాసుకునేదానివి" అన్నాడు. నిజమే. అక్కర్లేని ఖర్చంటే నాకు ఒళ్ళు మంట. గదిలో మనిషి లేకుండా దీపం వెలుగుతుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. "అక్కర్లేనిది వేరు, అక్కరున్నది వేరురా. దీనికయ్యేది నేనిస్తాను. వెళ్ళి ఆ మిషను అమ్మాయిని పిలువు" అన్నాను. నేనిస్తాననేసరికి వాడి నవ్వు ఆగిపోయింది. పిలవడానికి బయల్దేరాడు.

ఒక సన్నపాటి అమ్మాయి చేతిలో పట్టేంత మిషను పట్టుకుని వచ్చింది. పసిదాని చెవిలో మెత్తటి బిరడా పెట్టి, ఊపిరి బిగబట్టినట్టు నిలబడింది. ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే ఓపిగ్గా చెప్పింది. ఇది లోపలికి చిన్న చప్పుడు పంపిస్తుందట. బాగున్న చెవైతే దానికి బదులుగా తనూ ఒక చప్పుడు చేస్తుందట. అది మనకి వినపడదుగాని మిషనుకి వినపడుతుందట. చెవి కూడా మాట్లాడుతుందని ఈ వయసులో తెలుసుకున్నాను. కాసేపటికి మిషను మీద పచ్చదీపం వెలిగింది. "రెండు చెవులూ బాగున్నాయండి" అంది. బాలింత అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టుకుని, నాకు కాఫీ తెప్పించింది. పంచదార ఎక్కువైంది, అయినా వృథా చెయ్యడం ఇష్టం లేక తాగాను. తాగి వరండాలోకి వెళ్ళి, బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. పచ్చదీపం చూసి అందరూ సంతోషించారు. నాకూ సంతోషమే. కానీ ఆ దీపం మా పెద్దకూతురు పుట్టిననాడు లేదు. దాని చెవుల సంగతి మాకు తెలియడానికి ఏళ్ళు పట్టింది. అది పోయి కూడా ఇప్పటికి ఏడాది దాటింది. తల్లిని నేనుండగా అది వెళ్ళిపోయింది.

మా పెద్దది పుట్టింది అరవైల మొదట్లో, రేపల్లెలో, మా పుట్టింట్లో. నా అత్తారిల్లు తెనాలి పక్కన నందివెలుగు. అత్తారిల్లని పేరేగాని అది మా అమ్మమ్మగారిల్లే. మా అమ్మ తమ్ముడికే నన్నిచ్చి చేశారు. అంటే మా మావయ్యే నా మొగుడు, మా అమ్మమ్మే నా అత్తగారు. ఆ రోజుల్లో అదే మర్యాద. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది, పొలం గట్టు దాటదు, అత్త అనే భయం ఉండదు. మూడో తరగతి అవగానే నన్ను బడి మాన్పించింది కూడా ఆ ధైర్యంతోనే. 'ఎక్కడికి పోతుంది, నా ఇంటికేగా' అని మా అమ్మమ్మ తేల్చేసింది.

పెద్దది బంగారు బొమ్మలా ఉండేది. ఏడుపు తక్కువ. ఉయ్యాల పక్కన రోకళ్ళు వేసుకుని ధాన్యం దంచుతున్నా కళ్ళు తెరిచేది కాదు. దీపావళి టపాకాయలకి వీధిలో పిల్లలందరూ గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇది వెలుగులు చూసి చేతులు చాపేది. "చూశారా దాని నిబ్బరం! నా పోలికే" అని మా అమ్మమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. బారసాలకొచ్చిన ముత్తయిదువలు కూడా ఇంత నెమ్మదస్తురాలైన పిల్లని చూళ్ళేదన్నారు. నెమ్మదితనం ఆడపిల్లకి అలంకారమని అందరం అనుకునేవాళ్ళం. దాని వెనక ఇంకేదన్నా ఉంటుందని ఎవరికి తడుతుంది?

ఏడాది దాటింది, నడక వచ్చింది, మాట రాలేదు. రెండో ఏడు నడుస్తుంటే మా అమ్మమ్మ వైద్యం మొదలెట్టింది. మా వైపు వాగుడుకాయ పిల్లల్ని చూస్తే 'ఏమే, మీ అమ్మ నీకు వస ఎక్కువ పోసిందా?' అంటారు. వసకొమ్ము సానరాయి మీద అరగదీసి, తల్లిపాలలోనో తేనెలోనో రంగరించి నాలిక్కి రాస్తే మాట తొందరగా వస్తుందని నమ్మకం. మాకు పోసినట్టే దానికీ పురిట్లోనే పోశారు. చాలలేదేమోనని మళ్ళీ పోశారు. ఆ ఘాటుకి పిల్ల మొహం ముడుచుకుని ఉమ్మేస్తే, "అదిగో నాలిక కదులుతోంది" అని మా అమ్మమ్మ ఆశపడేది. చిలక కొట్టిన జామపండు తినిపిస్తే చిలకపలుకులొస్తాయని ఎవరో చెప్పారు. మావయ్య పొలం పని వదిలేసి జామచెట్ల కింద తిరిగాడు. నిచ్చెన వేసుకుని తనే కోసి, పంటిగాటు పెట్టినవి కూడా చిలక కొట్టినవేనని తెచ్చేవాడు. పండు మీద గాటు చూసి మా అమ్మమ్మ "ఏరా, ఈ చిలకకి మీసాలున్నాయా?" అనేది. ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. పెద్దది మా మొహాలు చూసి తనూ నవ్వేది. అంత నవ్వుమొహం పిల్ల.

ఆ ఇంట్లో నాలికకి జరగని సేవ లేదు. చెవి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి ఒక కారణం ఉంది. మా పుట్టిల్లు రేపల్లెలో రైలుకట్టకి దగ్గర. మేమక్కడ ఉన్నప్పుడు, తెనాలి బండి వచ్చే వేళకి, మాకెవరికీ కూత వినపడక ముందే, పెద్దది ఆడుతున్న ఆట వదిలేసి వీధిగుమ్మంలోకి పరిగెత్తేది. రెండు పిడికిళ్ళూ ఇంజను చక్రాల్లా తిప్పుతూ ఎగిరేది. అది చూసి మా నాన్న, "దీనికి వినపడదనే మాట ఎవరన్నా అంటే పళ్ళు రాలగొడతాను. మనకన్నా ముందు రైలు కూత వింటుంది నా మనవరాలు" అని మీసం దువ్వేవాడు. వీపు వెనక కంచం మోగించి చూశారు. గచ్చు మీద పెట్టి మోగించారు, తిరిగి చూసింది. ఇంకేం కావాలి? చెవులు భేషుగ్గా ఉన్నాయి, పిల్లే మొండిది అని తీర్మానమైపోయింది. పిలిస్తే పలక్కపోతే "ఎంత పొగరే నీకు" అని మా అమ్మ బుగ్గ మీద పొడిచేది. "మీ మావయ్యకి మాత్రం ఎప్పుడొచ్చింది మాట? నాలుగేళ్ళు నిండితేగాని నోరు తెరవలేదు. ఇప్పుడు చూడు, మూయించగలరా?" అని మా అమ్మమ్మ ధైర్యం చెప్పేది.

రేపల్లెలో మా పక్కింట్లో లూథరన్ మిషను బడి టీచరమ్మ ఉండేది. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, తెల్ల చీరతోనే మా అరుగు మీద కూర్చుని అమ్మతో కబుర్లు చెప్పేది. ఒకనాడు పెద్దది అరుగు చివర కూర్చుని అటుకులు తింటోంది. టీచరమ్మ కబుర్ల మధ్యలో ఆగి, నా వైపు వంగి మెల్లిగా, "నువ్వు దీన్ని పిలువమ్మా, నేల తట్టకుండా, చెయ్యి ఊపకుండా" అంది. పిలిచాను. అటుకులు తింటోంది. గట్టిగా పిలిచాను. తింటూనే ఉంది. "రైలుకి తిరిగే పిల్ల తల్లి పిలుపుకి తిరగదేంటమ్మా?" అంది టీచరమ్మ. మా అమ్మకి కోపమొచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. అప్పుడు పిల్లకి నాలుగేళ్ళు.

తెనాలిలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరుగారు ఉండేవారు. లావుపాటి కళ్ళద్దాలు, నెమ్మది మాట. పిల్లని చాప మీద కూర్చోబెట్టి, ఎదురుగా కాంపౌండరు చేత ఒక రంగుల బొమ్మ ఆడించారు. తాను మాత్రం చెప్పులు విడిచి, పిల్లికన్నా మెల్లిగా పిల్ల వెనక్కి వెళ్ళారు. చిన్న గంట మోగించారు. ఈల వేశారు. గరగరమనే కాయితం చెవి దగ్గర నలిపారు. కప్పులో చెంచా తిప్పారు. పెద్దది బొమ్మ మీద చూపు తిప్పలేదు. మావయ్య ఆగలేక, "అది ఆటలో పడిందండి, అందుకే. బొమ్మ తీసేయమనండి" అన్నాడు. డాక్టరుగారు కాలితో నేల మీద ఒక్కటి తన్నారు. పిల్ల చటుక్కున తిరిగి చూసింది. మావయ్య మొహం వెలిగింది. "చూశారా, వినపడిందండి!" "అది విన్నది కాదు నాయనా, నేల అదరడం ఒంటికి తెలిసింది. రైలు సంగతీ అంతే. కట్ట అదురుతుంది, అరుగు అదురుతుంది, పిల్ల పాదాలకి తెలుస్తుంది. మీరు చెవులతో ఎదురుచూస్తుంటే అది పాదాలతో ఎదురుచూస్తోంది" అన్నారు. తర్వాత రెండు కొమ్ముల ఇనప పంగ ఒకటి మేజాకి కొట్టి దాని కాడ పిల్ల చెవి వెనక ఎముకకి ఆనించారు. పెద్దది కితకితలు పెట్టినట్టు నవ్వింది. ఆ నవ్వుకి గదిలో మేమెవరమూ నవ్వలేకపోయాం.

నాకు చదువు లేదని ఆయన నన్ను తీసిపారెయ్యలేదు. "మీరు వ్యవసాయదారులేగా అమ్మా, మడిగట్టు మీద నత్తగుల్ల చూశావు కదా?" అన్నారు. "చెవి లోపల అచ్చం అలాగే చుట్టలు తిరిగిన గుల్ల ఒకటుంటుంది, బఠాణీ గింజంత. దాన్నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో సన్నటి వెంట్రుకలు, నారుమడిలో మొలకల్లాగా. బయట చప్పుడు కర్ణభేరి మీద పడితే అది అదురుతుంది. దాని వెనక మూడు బుల్లి ఎముకలు ఆ అదురుని ఒకదాని నుంచి ఒకటి అందుకుని గుల్లకి చేరుస్తాయి. నీళ్ళు కదులుతాయి, మొలకలు ఊగుతాయి, ఆ ఊగుని నరం మెదడుకి మోసుకెళ్తుంది. అప్పుడు మనం విన్నామంటాం. గుబిలి అడ్డం పడితే తీసేస్తాం. చీము కారితే మందేస్తాం. కర్ణభేరికి చిల్లు పడినా కొంత చెయ్యొచ్చు. మీ పిల్లకి అవన్నీ శుభ్రంగా ఉన్నాయి. మొలకలే లేవమ్మా."

"మళ్ళీ నారు పోసుకోలేమా డాక్టరుగారూ?" అన్నాను.

"ఈ మడికి ఒక్కసారే నారమ్మా."

ఇన్నేళ్ళలో ఎన్నో మాటలు మర్చిపోయాను. ఆ మాట మటుకు ఊడ్పుల రోజుల్లో పొలం వైపు వెళ్ళినప్పుడల్లా గుర్తొచ్చేది.

అప్పుడాయన ఒక్కొక్కటే అడిగారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంటి మీద దద్దురుతో జ్వరమొచ్చిందా? లేదండి. కాన్పు కష్టమైందా, పిల్ల పుట్టగానే ఏడ్చిందా? ఏడ్చిందండి. పసిప్పుడు మెదడు జ్వరం? గవదబిళ్ళలు? రోజుల తరబడి పెద్ద పెద్ద సూదులేమన్నా వేయించారా? లేదండి, లేదండి. చివరికి, "మీ ఇద్దరూ చుట్టాలా?" అన్నారు. మావయ్య ఒకింత గర్వంగానే, "నా అక్క కూతురేనండి" అన్నాడు. డాక్టరుగారు కలం కింద పెట్టారు. "ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను. మేనరికం చేసుకున్నవాళ్ళలో చాలామంది పిల్లలు నిక్షేపంలా ఉంటారు. కానీ రక్తంలో దాగున్న లోపం రెండువైపులా ఉంటే ఇలా బయటపడుతుంది" అన్నారు. మెళ్ళో వేలాడేసుకునే పెట్టె, దాన్నుంచి చెవికో తీగ ఉండే మిషను మద్రాసు నుంచి తెప్పించొచ్చన్నారు. దానితో మోత తెలుస్తుందిగాని మాట తేటపడదని, మాట నేర్పే బడి ఉంటేనే దానికి ఫలమని కూడా చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో మావయ్య ఒక్కటే మాట అన్నాడు. "అంటే నిన్ను చేసుకోవడమే తప్పంటాడా ఆయన?" పిల్ల మా ఇద్దరి మధ్యా కూర్చుని ఎద్దుల గంటలు ఊగుతుంటే చూసి చేతులు చరుస్తోంది. గంటలు ఊగడమే దానికి పాట.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మమ్మ మొదట నమ్మలేదు. "వాడెవడు నా కడుపునీ దాని కడుపునీ తప్పుపట్టడానికి? మా అమ్మని కూడా మేనమామకే ఇచ్చారు. మాకు లేవా చెవులు?" అని డాక్టరుగార్ని నానా మాటలూ అంది. ఆ సాయంత్రం పెద్దది పెరట్లో కోడిపిల్లల వెంట తిరుగుతుంటే వెనక నిలబడి పిలిచింది. పేరు పెట్టి పిలిచింది. బంగారమని పిలిచింది. మొండిముండా అని పిలిచింది. ఆఖరికి గొంతు పగిలేలా అరిచింది. పక్కిళ్ళవాళ్ళు ఏమైందోనని గోడల మీంచి తొంగిచూశారు. పెద్దది కోడిపిల్లని పట్టుకుని, తలెత్తి, మా అమ్మమ్మ ఏడుస్తుంటే చూసి, పరిగెత్తుకొచ్చి తన గౌను అంచుతో కళ్ళు తుడిచింది. ఆ తర్వాత మా ఇంట్లో మళ్ళీ మేనరికం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తబోయిన చుట్టాల నోరు మా అమ్మమ్మే మూయించింది.

చదువులేని మా అమ్మమ్మే దానికి మొదటి బడి. ఇద్దరూ కలిసి ఒక భాష తయారుచేసుకున్నారు. ముక్కు పక్కన వేలు పెడితే ముక్కుపుడక, అంటే అమ్మమ్మ. నుదుటి మధ్య పెడితే బొట్టు, అంటే నేను. రెండు వేళ్ళు పెదాల మీద పెడితే చుట్ట, అంటే వాళ్ళ నాన్న. చుట్ట మానెయ్యమని నేను పోరుతుంటే, "మానేస్తే నా పేరు పోతుందే" అని మావయ్య తప్పించుకునేవాడు. పాలు, అన్నం, వాన, రైలు, నిద్ర, దెబ్బ, కోపం అన్నిటికీ సైగలుండేవి. అయిపోయిందన్నా వెళ్ళిపోయారన్నా రెండు చేతులూ దులిపి చూపించేవాళ్ళం. కంటికి కనిపించేదేదైనా దానికి చెప్పగలిగేవాళ్ళం. కనిపించనిదే చెప్పలేకపోయేవాళ్ళం. నిన్నకి సైగ లేదు. రేపుకి అసలే లేదు. "రేపు జాతరకి తీసుకెళ్తాను" అంటే ఊరుకునే పిల్లలే అందరూ. దానికి 'రేపు' చెప్పబోతే ఇప్పుడే అనుకుని కొత్త గౌను తెచ్చుకునేది. కాదంటే అసలు లేదనుకుని ఏడ్చేది. మామూలు పిల్లలు మాట నేర్చిన ఏడాదికే రేపట్లో బతకడం మొదలెడతారు. ఇది ఎప్పుడూ ఇవాళ్టిలోనే ఉండిపోయేది.

ఆరో ఏడు వచ్చింది. బాపట్లలో అలాంటి పిల్లలకి బడి ఉందని, అక్కడే ఉంచి చదివిస్తారని రేపల్లె టీచరమ్మ చెప్పింది. మావయ్య ససేమిరా అన్నాడు. "నోరులేని పిల్లని పరాయిచోట వదిలేస్తామా? ఆకలేస్తే ఎలా అడుగుతుంది? దెబ్బ తగిలితే ఎవరికి చెబుతుంది?" "ఇక్కడ మాత్రం మనం పోయాక ఎవరికి చెబుతుంది మావయ్యా?" అన్నాను. మా అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని అంతా విని, "పంపరా. నేను చేతులతో నేర్పగలిగింది అయిపోయింది" అంది. పంపడం మా అమ్మమ్మకీ ప్రాణసంకటమే. పంపమన్న రోజు తను అన్నం తినలేదు.

బడి తెరిచే వారంలో తెనాలి నుంచి ప్యాసింజరులో బాపట్ల వెళ్ళాం. రైలెక్కడమంటే పెద్దదానికి పండగ. దారంతా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. కొత్త గౌన్లు, దుప్పటి, సున్నుండలు ఒక గుడ్డలో మూట కట్టాను. అది ఆ మూట ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బడిలో పెద్ద టీచరమ్మ మమ్మల్ని తిప్పి చూపించింది. ఒక పిల్ల చెయ్యి టీచరు గొంతు మీద, రెండో చెయ్యి తన గొంతు మీద. టీచరు గొంతులో అదురు తన గొంతులో తెప్పించాలని దాని తంటాలు. ఇంకో పిల్ల పెదాల ముందు సన్నటి కాయితం పట్టుకుని 'ప' అంటే కాయితం ఎగిరింది. కాయితం ఎగరగానే ఆ పిల్ల మొహం చూడాలి! నాకు ఆశ పుట్టింది. ఇదే చోటు అనిపించింది. పెద్దదీ అద్దం ముందు నిలబడి టీచరమ్మ పెదాలు చూసి తన పెదాలు తిప్పింది. మావయ్య కూడా మెత్తబడ్డాడు.

దాన్ని వదిలి వచ్చే దగ్గర పేచీ వచ్చింది. మా వైపు చంటిపిల్లల్ని వదిలి వెళ్ళాలంటే ఆటలో పెట్టి, కళ్ళుగప్పి వెళ్ళిపోతాం. "దాని చేతిలో సున్నుండ పెట్టి వెనకనుంచి వచ్చేద్దాం, చూస్తే గుండె పగుల్తుంది" అన్నాడు మావయ్య. "ఎవరి గుండె?" అన్నాను. "వినపడే పిల్లకైతే వెనక ఎవరో ఒకరు అమ్మ రేపొస్తుందిలే అని చెబుతారు. దీనికి ఎవరు చెబుతారు? మనం మాయమైపోయామనుకుంటుంది. నేను చూపించే వెళ్తాను. వెళ్ళినవాళ్ళు వస్తారని దానికి తెలియాలి. ఇవాళ ఈ ఊళ్ళోనే మా పిన్ని ఇంట్లో ఉండి, పొద్దున్నే వచ్చి కనిపించి, అప్పుడు ఊరికి వెళ్దాం." "అలా వస్తే కొందరు పిల్లలు మరీ బెంగపడతారమ్మా. అయినా మీ పిల్ల మీకు తెలుసు, మీ ఇష్టం" అంది టీచరమ్మ.

పొద్దు వాలుతుంటే పెద్దదాన్ని వరండా మెట్ల మీద కూర్చోబెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. పడమట సూర్యుణ్ణి చూపించి, అరచెయ్యి కిందికి దించాను. అరచేతిలో చెంప ఆనించి పడుకున్నట్టు చూపించాను. అరచెయ్యి తూర్పున పైకి లేపాను. నుదుటి మీద వేలు పెట్టి, నా బొట్టు చూపించి, రెండు వేళ్ళు నడిపించుకుంటూ దాని దగ్గరికి తెచ్చాను. సూర్యుడు పడుకుంటాడు, నువ్వు పడుకుంటావు, సూర్యుడు లేస్తాడు, అమ్మ వస్తుంది. అది కళ్ళార్పకుండా చూసింది. తర్వాత తనే మొదలెట్టి మొత్తం చేసి చూపించింది. సూర్యుడు, నిద్ర, సూర్యుడు, బొట్టు, నడక. ఒక్కటీ తప్పు పోలేదు. నేను తల ఊపాను. లేచి, దాని కళ్ళ ముందే గేటు దాకా నడిచాను. మావయ్య ఒక్కసారన్నా వెనక్కి తిరగలేదు. నేను తిరిగాను. మెట్ల మీదే కూర్చుంది. ఏడవలేదు. అరచెయ్యి దించి, లేపి చూపించింది.

పిన్ని ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. "అర్థమైంది మావయ్యా దానికి. రేపు అంటే ఏంటో అర్థమైంది" అని నేను అంటూనే ఉన్నాను. నాలుగేళ్ళు వస పోసి నాలికకి నేర్పలేనిది, ఒక్క పూటలో చేతులతో నేర్పానని నాకు గర్వంగా ఉంది. కాలం కంటికి కనపడదు, చెవికి వినపడదు. ఎదుటివాళ్ళు మాటిస్తే నమ్మి ఆగడమే మనిషికి తెలిసిన రేపు.

మర్నాడు పొద్దున్న పిల్లలు పళ్ళు తోముకునే వేళకి వెళ్ళాం. పెద్దది అప్పటికే మెట్ల మీద ఉంది. పక్క ఎక్కలేదని, మూట విప్పనివ్వలేదని టీచరమ్మ చెప్పింది. నన్ను చూడగానే అది గెంతలేదు, పరిగెత్తలేదు. వస్తానన్న మనిషి వచ్చిందన్నట్టు లేచింది. మూట తెచ్చి వాళ్ళ నాన్న చేతికిచ్చింది. టీచరమ్మ వైపు తిరిగి రెండు చేతులూ దులిపి చూపించింది. నా చూపుడువేలు పట్టుకుని గేటు వైపు నడిచింది. గేటు దగ్గర టీచరమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. మూట మళ్ళీ లోపల పెట్టారు. మేము ప్యాసింజరెక్కి తెనాలి వచ్చేశాం.